నలభై మంది పిల్లలు, నలభై జతల చేతులు: ప్రైమరీ బడిలో సంగీతం వర్క్‌షాప్ ఇలా పెట్టండి

ముందే చెప్పేస్తాను. మీరు ప్రైమరీ బడిలో సంగీతం వర్క్‌షాప్ చెయ్యడానికి వెళ్తుంటే కీబోర్డు తీసుకెళ్ళకండి. హార్మోనియం కూడా వద్దు. నేను మొదటిసారి ఆ రెండూ మోసుకెళ్ళాను. అరవై మంది దాకా పిల్లలు నేల మీద వరసగా కూర్చున్నారు, నేను వాయించాను, వాళ్ళు చప్పట్లు కొట్టారు, తర్వాత ఒక్కొక్కరిని పిలిచి మీటలు నొక్కించడం మొదలుపెట్టాను, అరగంట గడిచేసరికి పదిహేను మంది వంతు కూడా పూర్తవలేదు. మిగతా వాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఎందుకంటే వాళ్ళకి అలాగే చెప్పారు. గోడ పక్కన మూడో తరగతి పాప ఒకత్తి మాత్రం ఒళ్ళో కంచం బోర్లించి పెట్టుకుని వేళ్ళతో మెల్లగా కొడుతోంది. ఒక్క దెబ్బ కూడా తప్పడం లేదు. టీచరు చూసి కంచం తీసేసుకున్నారు. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఆ పూట ఆ బడిలో సంగీతం నిజంగా జరిగింది ఆ కంచం దగ్గరే.

అప్పటినుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. వర్క్‌షాప్ మొదలైన పది నిమిషాల్లో ప్రతి పిల్ల చేతిలో, ప్రతి పిల్లాడి చేతిలో మోగేది ఏదో ఒకటి ఉండాలి, ముందు అది ఉత్త చప్పట్లైనా సరే. ఒకళ్ళు వాయిస్తుంటే ముప్ఫై తొమ్మిది మంది చూడటం ఉండకూడదు. కింద రాసినదంతా ఆ ఒక్క పట్టుదల కోసమే.

వెళ్ళే ముందు

హెడ్మాస్టరు గారితో మాట్లాడేటప్పుడు మొట్టమొదట అడగాల్సింది పిల్లలు ఎంతమంది అని కాదు, పక్క గదిలో ఎవరుంటారు అని. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది పిల్లల దాకా ఉన్న ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు, అంటే మీరు మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని తీసుకుంటే పక్కనే ఒకటి, రెండు తరగతులకి ఆ రెండో టీచరు పాఠం చెప్పుకుంటూ ఉంటారు. నలభై మంది డబ్బాలు కొడుతుంటే ఆవిడ గొంతు చించుకోవాలి. కాబట్టి చెట్టు కింద కుదురుతుందా అడగండి. వేపచెట్టో కానుగచెట్టో లేని బడి తక్కువే. గదిలోనే చెయ్యాల్సి వస్తే కింద జంపఖానా గానీ పట్టాలు గానీ పరిపించండి. ఉత్త గచ్చు, ఉత్త గోడలు ఉన్న గదిలో చప్పుడు తిరిగి తిరిగి కొడుతుంది, పావుగంటకే మీకూ వాళ్ళకీ తలనొప్పి వస్తుంది. రేకుల షెడ్డు అయితే అసలు ఒప్పుకోవద్దు.

టైము సంగతి: మూడు నుంచి అయిదు తరగతుల వాళ్ళకి రెండున్నర గంటలు, మధ్యలో పదిహేను నిమిషాల విరామం. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి మధ్యాహ్న భోజనం గంట కొట్టే ముందు ముగించండి, అన్నం తిన్నాక చేస్తే సగం మంది నిద్రలోకి జారుకుంటారు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళని కలపొద్దు, వాళ్ళకి విడిగా ముప్పావుగంట చాలు. శనివారం నో బ్యాగ్ డే పెట్టిన బడులైతే మరీ హాయి, ఎవరి సిలబస్సూ ఆగదు.

నలభై మంది దాటితే రెండు విడతలుగా చెయ్యండి. "అందరినీ ఒకేసారి కూర్చోబెట్టేద్దాం సార్, అయిపోతుంది" అంటారు. మొహమాటపడకండి.

సామాను ఇది: పాత టిఫిను డబ్బాలు, హార్లిక్స్ సీసాల్లాంటి ప్లాస్టిక్ డబ్బాలు, అరలీటరు వాటర్ బాటిళ్ళు, కొబ్బరి చిప్పలు, చింతపిక్కలు, కందులు, బెలూన్లు, రబ్బరు బ్యాండ్లు, పేపరు కప్పులు, కాటన్ దారం, వెడల్పాటి సెల్లో టేపు, ఒక పెద్ద కట్ట బొట్టుబిళ్ళలు. బొట్టుబిళ్ళలు ఎందుకో తర్వాత చెప్తాను. వీటిలో సగం పిల్లల చేతే వారం ముందునుంచి తెప్పించండి, "ఇంట్లో పారేసే డబ్బా ఒకటి, మోగేది" అని చెప్తే చాలు. మోగేది ఏదో వెతకడానికి వాళ్ళు ఇంట్లో ప్రతిదాన్నీ కొట్టి చూస్తారు కదా, వర్క్‌షాప్ అక్కడే మొదలైపోయినట్టు. నాకు నలభై మందికి ఎప్పుడూ ఐదారు వందలు దాటలేదు, అందులో సగం స్వరాల కోసం తర్వాత చెప్పే పి.వి.సి. పైపుకే.

మొట్టమొదట ఆగడం నేర్పండి

ఇది దాటేసి నేరుగా డబ్బాలు పంచిన రోజు నేను గొంతు పోగొట్టుకున్నాను. అందుకని వాయిద్యాలు ఇవ్వకముందే ఆగడం ఒక ఆటగా నేర్పాలి.

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. వరసలు వద్దు, గుండ్రంగానే. ఒక జత గజ్జెలు తీసుకుని, మువ్వల పట్టీ అయినా సరే, పక్కవాళ్ళకి చప్పుడు కాకుండా ఇవ్వండి. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి. గజ్జె మోగితే మళ్ళీ మొదటినుంచి. చూడాలి ఆ పిల్లల్ని. అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్న వాళ్ళు ఊపిరి బిగబట్టి, రెండు చేతుల్తో, పసిపిల్లని అందుకున్నట్టు అందుకుంటారు. ఎక్కడో బయట కాకి అరుస్తుంది, వంటగదిలో గరిటె తగులుతుంది, అవన్నీ వాళ్ళకి వినిపించడం మొదలవుతుంది. గజ్జెలు మీ దగ్గరికి తిరిగొచ్చాక అడగండి, "ఇప్పుడు ఏమేం వినిపించాయి?" అని. పది, పదిహేను శబ్దాలు చెప్తారు. నా దృష్టిలో ఆ రోజు మొత్తంలో అతి ముఖ్యమైన పని ఇదే.

తర్వాత సైగలు. పిడికిలి పైకెత్తితే ఆపాలి, అరచెయ్యి చూపిస్తే మొదలుపెట్టాలి, చెయ్యి కిందికి దించుతుంటే మెల్లగా, పైకి లేపుతుంటే గట్టిగా. ముందు ఉత్త చప్పట్లతో ఆడించండి. రెండు నిమిషాలయ్యాక మీరు పక్కకి తప్పుకుని ఒక పిల్లని మధ్యలో నిలబెట్టండి. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లని పిలవండి. నలభై మంది తన పిడికిలి చూసి టక్కున ఆగడం ఆ పిల్ల మొహంలో ఏం చేస్తుందో నేను రాయలేను, చూడాల్సిందే.

ఇదే చప్పట్లతో వాన కూడా కురిపించొచ్చు. అరచేతులు రుద్దితే గాలి, చిటికెలు వేస్తే చినుకులు, తొడల మీద చరిస్తే జల్లు, కాళ్ళు నేలకేసి కొడితే ఉరుము, మళ్ళీ వెనక్కి. అయిదు నిమిషాలు చాలు.

పులి, చిలక, మిడతలు

ఇప్పుడు తాళం. పిల్లలకి ఆది తాళం, రూపక తాళం అని పేర్లు చెప్పి భయపెట్టక్కర్లేదు. మృదంగం నేర్చుకునే వాళ్ళు మొదట నోటితో చెప్పే సొల్లు ఉంది కదా, తక, తకిట, తకధిమి, అది పిల్లల మాటల్లోకి దించేస్తే చాలు. మన తెలుగులో ఇది ఎంత తేలికంటే, లఘువులతో, అంటే పొట్టి అక్షరాలతో, నిండిన మాటలు కావాల్సినన్ని ఉన్నాయి. పులి అంటే రెండు, తక. చిలక అంటే మూడు, తకిట. నాలుగుకి నేను మొదట్లో ఉడుతలు అనేవాణ్ణి, తకధిమి.

పులి చిలక, పులి చిలక, పులి చిలక. రెండూ మూడూ అయిదు. ప్రతి మాట మొదట్లో ఒక చప్పట కొట్టించండి, అంతే, అది ఖండ చాపు అనే తాళం. చిలక, ఆ తర్వాత నాలుగక్షరాల మాట, ఏడు, మిశ్ర చాపు. సంగీతం నేర్చుకునేవాళ్ళు ఏళ్ళు పట్టి ఇబ్బందిపడే నడకలు అని పెద్దవాళ్ళం అనుకుంటాం, నాలుగో తరగతి పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు, ఎందుకంటే వాళ్ళు లెక్కపెట్టడం లేదు, మాట్లాడుతున్నారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. "చిలక ఉడుతలు" అని మొదలుపెట్టాం, రెండు నిమిషాల్లో తాళం కుంటడం మొదలైంది. ఎవరూ తప్పు చెప్పడం లేదు, కానీ ఒక దెబ్బ ఎక్కడో మాయమవుతోంది. చెవి పెట్టి వింటే అర్థమైంది. మన నాలుక ఊరుకోదు కదా, సంధి చేసేస్తోంది, చిలకుడుతలు, చిలకుడుతలు! ఏడక్షరాలు ఆరయ్యాయి. అప్పటినుంచి ఉడుతలు మాని మిడతలు పెట్టుకున్నాను. చిలక మిడతలు. ఇక సంధి కుదరదు. మీరు సొంతంగా మాటలు ఎంచుకున్నా అచ్చుతో మొదలయ్యే మాట రెండో చోట రాకుండా చూసుకోండి.

ఇది వచ్చాక వాళ్ళ పేర్లు అడగండి. రవి అంటే తక, కవిత అంటే తకిట. రాధలో రా సాగుతుంది కాబట్టి దానికి రెండు, ధకి ఒకటి, అదీ తకిటే. ఒక్కొక్కరూ తమ పేరు చప్పట్లతో కొట్టి చూపిస్తే మిగతావాళ్ళు తిరిగి కొట్టాలి. పెద్ద క్లాసుకి వెళ్ళాక ఛందస్సులో గురువు, లఘువు వచ్చినప్పుడు ఇది చేతుల్లో ఉంటుంది.

ఆది తాళం నేర్పాలనిపిస్తే నాలుగు, అయిదు తరగతుల వాళ్ళకి నేర్పండి: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, మధ్యవేలు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. "మిడతలు మిడతలు" సరిగ్గా సరిపోతుంది. మూడో తరగతి లోపు వాళ్ళకి వేళ్ళు విడివిడిగా మడవడం కష్టం, వాళ్ళు చప్పట్లే కొట్టుకోనివ్వండి.

చేతులతో చెయ్యడం

విరామం తర్వాత వాయిద్యాలు చేయించండి. నాలుగు జట్లు, జట్టుకి పది మంది, ఒక్కో జట్టుకి ఒక రకం. అందరితోనూ అన్నీ చేయించాలనుకుంటే టైము సరిపోదు, కోపం వస్తుంది.

గిలకలు అన్నిటికంటే సులువు. బాటిల్లో గుప్పెడు చింతపిక్కలు వేస్తే ఒక చప్పుడు, కందులు వేస్తే ఒకటి, ఇసక వేస్తే ఇంకొకటి. ఇక్కడ ఒక్క మాట, బాటిల్ నిండా పొయ్యనివ్వకండి, నాలుగో వంతు మించితే లోపల కదలడానికి చోటుండదు, చప్పుడు చచ్చిపోతుంది. పిల్లలు మాత్రం నిండుగా పోస్తారు, ఎక్కువ పోస్తే ఎక్కువ మోగుతుందనుకుంటారు. ముందే చెప్పకండి. పోసి, ఊపి, "ఇదేంటి సార్ మోగట్లేదు" అననివ్వండి, అప్పుడు కొంచెం కొంచెం తీయించండి. మూతకి టేపు గట్టిగా చుట్టించాలి, చిన్న క్లాసుల పిల్లలు గింజలు ముక్కులో, నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. వేసవి ముందు రోజులైతే బడి ఆవరణలో దిరిసెన చెట్టు ఉందేమో చూడండి, ఎండిన కాయలు ఏ పనీ చెయ్యకుండానే గిలకలు.

డోళ్ళు: డబ్బా మూతి మీద బెలూన్ కోసి సాగదీసి రబ్బరు బ్యాండు వెయ్యాలి. సాగదియ్యడానికి ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు బ్యాండు వెయ్యాలి, ఒంటరిగా చెయ్యబోతే ప్రతిసారీ జారిపోతుంది. బిగువు పెంచితే శబ్దం సన్నబడుతుంది, వదిలితే బొంగురుపోతుంది. బెలూన్ మీద నాలుగు బియ్యం గింజలు వేసి పక్క డబ్బా దగ్గరగా పెట్టి కొట్టమనండి. ముట్టుకోకుండానే గింజలు ఎగురుతాయి. గదిలో అంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది, శబ్దం గాల్లోంచి నడిచి వెళ్ళడం కళ్ళతో చూశారు. రేకు డబ్బాల అంచులకి చేతులు కోసుకుపోతాయి, ప్లాస్టిక్‌వే వాడండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరి పారెయ్యాలి.

నాకు ఎంతో ఇష్టమైనది పేపరు కప్పు. కప్పు అడుగున మధ్యలో సూదితో చిల్లు పెట్టి, మూరెడు కాటన్ దారం దూర్చి, లోపల అగ్గిపుల్ల ముక్కకి ముడేసి జారకుండా కట్టండి. కప్పు ఎడమ చేత్తో పట్టుకుని, తడిపిన రెండు వేళ్ళతో దారాన్ని గట్టిగా పట్టి కిందికి చిన్న చిన్న కుదుపులతో లాగాలి. కోడిపెట్ట కొక్కొక్కో అన్నట్టు అరుస్తుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతారు, నవ్వనివ్వండి. నవ్వులయ్యాక కప్పు విప్పేసి ఉత్త దారాన్ని అలాగే లాగమనండి, చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినబడదు. దారం కదిలితే కప్పు అడుగు కూడా కదులుతోంది, గాలిని కదిపేది ఆ అడుగు. ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ళ జముకు కూడా ఈ లెక్కే, ఒక కుంచం లాంటి పాత్రకి చర్మం బిగించి, ఆ చర్మానికి కట్టిన తీగ మీటుతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు బడుల్లో చేస్తుంటే ఈ మాట తప్పక చెప్పండి, కనీసం ఒకరిద్దరు "మా ఊళ్ళో చూశాం" అంటారు.

ఊదేవి ఎవరివి వాళ్ళకే ఉండాలి, ఒకరి ఎంగిలి ఒకరికి వద్దు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కాబట్టి పేపరువే దొరుకుతాయి, అవి నోట్లో అయిదు నిమిషాలకి మెత్తబడిపోతాయి, అయినా పని జరుగుతుంది. ఒక చివర నొక్కి చదును చేసి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించి మొనలా చేసి, ఆ చివర పెదాల మధ్య పెట్టుకుని ఊదాలి. బాతు కూతలాంటిది వస్తుంది. ఊదుతూ ఉండగా మీరు రెండో చివర కొంచెం కొంచెం కత్తిరిస్తూ రండి, శబ్దం మెట్లు ఎక్కుతుంది. పల్లెటూరి బడి అయితే స్ట్రాలు అక్కర్లేదు, కొబ్బరాకు బూర ఎవరికొచ్చు అని అడగండి. ఈనె తీసేసిన ఆకుని సన్నంగా మొదలుపెట్టి వెడల్పుగా చుట్టుకుంటూ వెళ్ళి ఈనెపుల్ల గుచ్చడం మీకంటే వాళ్ళకే బాగా వస్తుంది. ఆ పది నిమిషాలు మీరు కూర్చుని నేర్చుకోండి. బొప్పాయి కాడ బూర మాత్రం వద్దు, ఆ పాలు కళ్ళకి తగిలితే మంట.

స్వరాలు: మ, ని తీసేయండి

ఏడు స్వరాలూ ఒకేసారి పెడితే పిల్లలు ఇష్టం వచ్చినట్టు కొడతారు, సగం చోట్ల చెవికి గుచ్చుకుంటుంది, "వద్దు వద్దు, అలా కాదు" అనాల్సి వస్తుంది. అలా అనడం నాకు ఇష్టం లేదు. అందుకని మోహన రాగం స్వరాలే పెడతాను. స, రి, గ, ప, ద, పై స. వీటిలో ఏది ఏ వరసలో కొట్టినా బాగానే ఉంటుంది. తప్పు కొట్టడం అనేదే ఉండదు.

దీన్ని రెండు రకాలుగా చెయ్యొచ్చు. ఒకటి జలతరంగం. పింగాణీ కప్పులు ఆరు, వేర్వేరు సైజులవి, పెద్దది కింది సకి, చిన్నది పై సకి. నీళ్ళు పోసేకొద్దీ స్వరం దిగుతుందే గానీ ఎక్కదు, ఖాళీ కప్పు ఎంత పలుకుతుందో అదే దాని గరిష్ఠం, కాబట్టి కప్పులు కొనేటప్పుడే దుకాణంలో గోటితో కొట్టి చూసుకోండి. ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టుకుని ముందురోజు రాత్రి ఇంట్లోనే శ్రుతి చేసి, నీళ్ళ మట్టం దగ్గర లోపల గోళ్ళరంగుతో గీత పెట్టుకుంటే బడిలో రెండు నిమిషాల పని. కొట్టడానికి పెన్సిల్ చాలు.

రెండోది పైపులు. నలభై మందికి కప్పులు కుదరవు, పైపులు కుదురుతాయి, పైగా పగలవు. ఒకటిన్నర అంగుళాల పి.వి.సి. పైపు తీసుకుని ఆరు ముక్కలు: 60, 53, 48, 40, 36, 30 సెంటీమీటర్లు. అదే స రి గ ప ద స. లెక్క ఏమిటంటే పై స కింది సలో సగం పొడవు, ప మూడింట రెండు వంతులు, గ అయిదింట నాలుగు వంతులు. అయిదో తరగతి వాళ్ళు భిన్నాలు చేస్తున్నారు కదా, కొలతలు వాళ్ళ చేతే లెక్కకట్టించండి, రంపం మాత్రం మీ చేతిలోనే ఉండాలి. చిన్న పైపులు ఉండాల్సిన స్వరానికి కొంచెం కిందగా పలుకుతాయి, ఓ అర సెంటీమీటరు దాకా గరుకు కాగితంతో అరగదీస్తే సరిపోతాయి. పైపు నిలబెట్టి పట్టుకుని పై మూతి మీద మెత్తటి రబ్బరు ముక్కతో చరిస్తే "బుం" అని మోగుతుంది. చాలామంది హవాయి చెప్పుతో కొడతారు, బాగానే మోగుతుంది, కానీ మన ఇళ్ళలో వాయిద్యానికి చెప్పు తగిలించడం ఎవరికీ మనసొప్పదు, యోగా మ్యాట్ ముక్క నాలుగు మడతలు పెట్టి టేపు చుట్టండి.

పిల్లలు పాడాలనుకుంటే శ్రుతి మీకు నచ్చింది కాదు, వాళ్ళది పట్టుకోవాలి. హాజరు పిలిచి "ప్రెజెంట్ టీచర్" అనిపించండి, ఎక్కువమంది ఏ ఎత్తులో అంటారో అక్కడికి దగ్గరగా స పెట్టుకోండి. పెద్దవాళ్ళ శ్రుతిలో పాడిస్తే కింద స్వరాలు అందక గొణుగుతారు, మనం వాళ్ళకి గొంతు లేదనుకుంటాం.

ఖాళీ గాజు సీసాలు రెండు దొరికితే చివర్లో ఒక చిక్కుప్రశ్న వెయ్యండి. ఒకదాంట్లో ఎక్కువ నీళ్ళు, ఒకదాంట్లో తక్కువ. చెంచాతో కొడితే నీళ్ళు ఎక్కువున్నది లావుగా పలుకుతుంది. మూతి మీద ఊదితే అదే సీసా సన్నగా పలుకుతుంది! ఎందుకు? కొట్టినప్పుడు కదిలేది గాజూ నీళ్ళూ, ఊదినప్పుడు కదిలేది పైన మిగిలిన గాలి. జవాబు మీరు చెప్పకండి, పిల్లల్లో ఎవరో ఒకరు చెప్తారు.

ఊళ్ళో ఉన్నవాళ్ళని పిలవండి

వీలైతే ఒక గంట ఆ ఊరి కళాకారులకి ఇవ్వండి. రాయలసీమలో చెక్కభజన వాళ్ళు, తెలంగాణలో ఒగ్గుడోలు వాళ్ళు, ఎక్కడైనా కోలాటం వాళ్ళు, డప్పు వాళ్ళు. వాళ్ళు స్టేజీ మీద వాయించి వెళ్ళిపోవడం కాదు, పిల్లల మధ్య కూర్చోవాలి. డప్పు కొట్టేముందు మంట దగ్గర కాచడం చూపించమని అడగండి, చర్మం వేడికి బిగుసుకుని గొంతు మారడం పిల్లలు ముందు వెనకా విని చెప్పగలరు, వాళ్ళు ఇందాక బెలూన్ సాగదీసి చూసిందే కదా. డప్పు కొట్టే పుల్లలు రెండూ, కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల, ఒక్కొక్కరికీ పట్టి చూడనివ్వాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. డప్పు వాయించే పెద్దాయన్ని పిలిచి నేల మీద కూర్చోబెట్టి, మనం కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు వేరుగా ఇచ్చే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. పిల్లలు అది కూడా నేర్చుకుంటారు. ఆయనకి కుర్చీ వెయ్యండి, పేరుకి గారు చేర్చి పిల్లలకి పరిచయం చెయ్యండి, సంగీతం మాస్టారికి ఏమిస్తామో అంత డబ్బు ముందే మాట్లాడుకుని కవర్లో పెట్టి ఇవ్వండి. ఒక బడిలో అలా పరిచయం చేసిన రోజు, "ఆయన మా తాతే" అని వెనక వరసలో ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు. అంతకుముందు గంటసేపు మేము డప్పు గురించి మాట్లాడుతుంటే వాడు తల వంచుకుని కూర్చున్నాడు. నేను గమనించాను, కారణం అప్పుడు తెలిసింది.

విజయనగరం చుట్టుపక్కల వాళ్ళకి ఇంకో సదుపాయం. అక్కడి మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. చదువుకుంటున్న విద్యార్థులు ఇద్దరు సాయానికి వస్తే రెండు జట్లకి ఒకరు చొప్పున చూసుకోవచ్చు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి వీణ చేసేవాళ్ళు ఉన్నారు, పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళి ఆ చెక్క మీద చెయ్యి పెట్టించగలిగితే అదే ఒక వర్క్‌షాప్.

వాళ్ళ పాట వాళ్ళే కట్టాలి

చివరి నలభై నిమిషాలు దీనికి. ఇప్పుడు బొట్టుబిళ్ళలు తియ్యండి. చార్టు మీద ఎనిమిది గళ్ళు, నాలుగు వరసలు, వరసకి ఒక జట్టు. పెద్ద బిళ్ళ అంటే గట్టిగా, చిన్న బిళ్ళ అంటే మెల్లగా, ఖాళీ గడి అంటే మౌనం. ప్రతి జట్టూ మాట్లాడుకుని తమ వరస అంటించాలి. మొదటిసారి ఎనిమిది గళ్ళలోనూ పెద్ద బిళ్ళలే అంటిస్తారు, నాలుగు జట్లూ. వాయించమనండి. వాళ్ళకే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. "ఏ బిళ్ళ తీస్తే బాగుంటుంది?" అని మాత్రం అడిగి ఊరుకోండి. ఒక జట్టు అన్నీ పీకేసి ఆఖరి గడిలో ఒక్క పెద్ద బిళ్ళ ఉంచింది ఒకసారి, డోళ్ళ జట్టు. ఏడు గళ్ళు మిగతావాళ్ళని వింటూ కూర్చుని ఎనిమిదో దానికి పదిమందీ ఒక్కసారి "ధిం" అన్నారు. అంత బాగా నేను చెప్పి చేయించలేను.

ఫోనులో రికార్డు చేసి వెంటనే వినిపించండి, ఉత్త శబ్దం చాలు. వీడియో తీస్తే పిల్లల మొహాలు ఎక్కడా పెట్టకండి, తల్లిదండ్రుల్ని అడక్కుండా అసలు పెట్టొద్దు.

హెడ్మాస్టరు గారు "బాగుంది, రిపబ్లిక్ డేకి వీళ్ళ చేత ప్రోగ్రాం చేయిద్దాం" అంటారు. నేను సున్నితంగా వద్దంటాను. ప్రోగ్రాం అనగానే బాగా వాయించే ఎనిమిది మందిని ఏరుతారు, మిగతా ముప్ఫై రెండు మంది మళ్ళీ చేతులు కట్టుకుంటారు. చేస్తే నలభై మందితో చెయ్యాలి.

కొందరు పిల్లల్ని విడిగా చూసుకోవాలి. పెద్ద చప్పుడుకి బెదిరే పిల్లలుంటారు, చెవులు మూసుకుంటారు, ఏడుస్తారు. బలవంతం చెయ్యకండి, గుండ్రంలో బయటి వైపు, తలుపు దగ్గర చోటిచ్చి గజ్జెల్లాంటి మెత్తటి చప్పుడు చేతికివ్వండి, వాళ్ళకి నచ్చినప్పుడు లోపలికి వస్తారు. చెవులు సరిగా వినపడని పిల్ల ఉంటే ఊదిన బెలూన్ ఒళ్ళో పెట్టి రెండు అరచేతులూ దాని మీద ఆనించమనండి. డోలు దెబ్బ చేతులకి తెలుస్తుంది. ఇలా ఒక పాపని డోళ్ళ జట్టు పక్కనే కూర్చోబెడితే, తాళం మారిన ప్రతిసారీ అందరికంటే ముందు తలెత్తి చూసేది.

వచ్చేటప్పుడు చేసినవన్నీ మీ సంచిలో వేసుకుని రాకండి. పిల్లలు చేసినవి పిల్లలు ఇంటికి తీసుకెళ్ళాలి. పైపులు, గజ్జెలు, చార్టు మాత్రం ఒక అట్టపెట్టెలో పెట్టి, తాళం వేసే బీరువాలో కాకుండా, క్లాసులో పిల్లల చెయ్యి అందే ఎత్తులో పెట్టమని టీచరుగారిని అడగండి. సోమవారం నుంచి రోజూ ప్రార్థన అయ్యాక అయిదు నిమిషాలు చాలు, ఒక పిల్ల మధ్యలో నిలబడి పిడికిలి ఎత్తుతుంది, రోజుకొకరు చొప్పున నలభై మందికీ వంతు వచ్చేసరికి రెండు నెలలు పడుతుంది, ఆ వంతుల పట్టిక మీరే రాసి గోడకి అంటించి రండి.